ఏడు రోజుల పట్టు

సబ్బుల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ ముక్కమ్మ అనేవారు. ఆమెకేం కోపం లేదు. ముక్కును నమ్ముకుని ముప్పై ఏళ్ళు బతికిన మనిషికి అంతకంటే మంచి పేరేముంటుంది? ఏ కొత్త సెంటైనా ఆమె పీల్చి తలాడించాకే సీసాలోకి వెళ్ళేది.

ఆ పనిలో వాళ్ళకొక మాట ఉంది, పట్టు. సెంటు కలిపిన నీళ్ళలో గుడ్డ జాడించి, తీగ మీద ఆరేసి, రోజూ వాసన చూస్తారు. మూడో రోజుకే పోతే పట్టు లేదని పారబోస్తారు. ముక్కమ్మ చేసిన ‘తొలివాన’ సెంటు మాత్రం ఏడో రోజున కూడా అప్పుడే జాడించినట్టుండేది. పసిపిల్లల సబ్బులోనూ పౌడరులోనూ అదే. మనవరాలు పుట్టిన ఏడాది, ఆ పిల్లను తలుచుకుంటూ చేసింది. ఆరేసిన తెల్లగుడ్డల మధ్య నిలబడితే ఆమెకు కలలో ఉన్నట్టుండేది. ఎండలోనే ఎక్కడో వాన మొదలవుతున్నట్టు, ఎవరో చిన్నపిల్ల పరిగెత్తుకొస్తున్నట్టు.

నిజంగా పరిగెత్తుకొచ్చే పిల్లకు ఇప్పుడు ఐదేళ్ళు. సాయంత్రం ముక్కమ్మ గడపలో కాలు పెట్టగానే వచ్చి శాలువాలో దూరి, ఒళ్ళోనే నిద్రపోయేది. ఈ మధ్య దూరిన కాసేపటికే దగ్గు, ఆపైన పిల్లికూతలు.

“అమ్మమ్మా, ఇక్కడ పట్టేసింది,” అని ఒకరోజు గుండె మీద చెయ్యి వేసి చూపించింది.

ముక్కమ్మ ఉలిక్కిపడింది. ముప్పై ఏళ్ళుగా ఆమె నోట మెప్పుగా నలిగిన మాట అది.

డాక్టరమ్మ పిల్ల ఊపిరి విని, ఇంట్లో వాడే డబ్బాలూ సీసాలూ తెప్పించింది. పౌడరు డబ్బా తిప్పి చదివింది. “సువాసన అని ఒక్క మాట రాసి ఊరుకున్నారు. అందులో ఏమేం కలిపారో ఎవరికి తెలుస్తుంది?”

ముక్కమ్మకు తెలుసు. నలభై మూడు రకాలు.

“చాలామందికి ఇవి ఏమీ చెయ్యవు. కొందరికి పడవు. ఈ పాపకి పడుతున్నట్టు లేదు. వాసన ఉన్నవన్నీ ఆపేసి చూద్దాం,” అంది డాక్టరమ్మ.

దారిలో ముక్కమ్మకు ఒళ్ళు మండిపోయింది. “దుమ్ము వల్ల అయ్యుంటుంది. నా తొలివాన ఎవరినేం చేసింది?” అని కూతురి మీద విరుచుకుపడింది. కూతురు సీసాలన్నీ సంచిలో వేసి బయట పెట్టేసింది. నాలుగు రోజుల్లో పిల్లికూతలు తగ్గాయి, కానీ సాయంత్రం దాకానే. ముక్కమ్మ రాగానే మళ్ళీ మొదలయ్యేవి.

ఆమె శాలువాను ఒట్టి నీళ్ళలో మూడుసార్లు ఉతికింది. ముక్కుకు ఆనించి పీల్చింది. ఏమీ లేదు. అంత పేరుమోసిన ముక్కు లేదంటే ఇక లేనట్టే కదా. ధీమాగా కప్పుకుని పిల్లను ఒళ్ళో పడుకోబెట్టుకుంది.

“ఇంకా ఉంది అమ్మమ్మా,” అని దగ్గుకుంటూ పిల్ల లేచి వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది.

ఒళ్ళో ఆ చోటు కాసేపు వెచ్చగానే ఉండిపోయింది. అప్పుడు తెలిసొచ్చింది ఆమెకు. పొద్దస్తమానం ఒక వాసనలో మునిగి ఉన్న ముక్కుకు ఆ వాసన తెలియదు. జుట్టులో, గోళ్ళలో, చర్మంలో తొలివాన కురుస్తూనే ఉంది, తనకు తప్ప అందరికీ తెలుస్తోంది. ఇంత తెలివి ధారపోసింది మనవరాలిని తన ఒళ్ళోంచి లేపడానికా అని ఏడ్చింది.

మర్నాడు మేనేజరు తొలివానను పద్నాలుగు రోజులు నిలిచేలా పెంచుదామన్నాడు.

“పెంచడం కాదు, తీసేయండి. పసిపిల్లల వాటిలో సెంటే వద్దు,” అంది ముక్కమ్మ.

“పట్టు గురించి మాకు చెప్పిందే మీరు కదమ్మా.”

“చెప్పాను బాబూ. విడుపు నేర్చుకోలేదు.”

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. ముప్పై ఏళ్ళ ఉద్యోగాన్ని రెండు ముక్కలు రాసిచ్చిన కాగితంతో వదిలేసి ఇంటికొచ్చింది.

మళ్ళీ గుడ్డ పరీక్షే, కాకపోతే ఈసారి గుడ్డ తనే. ఒట్టి నీళ్ళ స్నానం, పాత బట్టలన్నీ మూటగట్టి అవతల. సాయంత్రం కుర్చీలో కూర్చుంటే పిల్ల గుమ్మంలో నిలబడి, అచ్చం అమ్మమ్మలాగే కళ్ళు మూసుకుని పీల్చేది. “ఉంది,” అనేది. ఏడో రోజు కూడా ఉంది. గర్వపడాలో ఏడవాలో ముక్కమ్మకు తెలియలేదు. రోజులు పగటికలలా సాగాయి. కిటికీ తెరకు, తడి గచ్చుకు, చివరికి మధ్యాహ్నపు ఎండకు కూడా ఏదో సన్నని వాసన ఉన్నట్టు మెల్లగా తెలియసాగింది.

పంతొమ్మిదో రోజు పిల్ల గుమ్మం దాటింది. అడుగు వేసి, ఆగి పీల్చి, మళ్ళీ అడుగు వేసి, ఒళ్ళోకి ఎక్కి మెడ ఒంపులో ముఖం పెట్టింది. ముక్కమ్మ ఊపిరి బిగబట్టింది.

“ఏం వాసనే?”

పిల్ల ఇంకోసారి పీల్చింది. “నిద్ర వాసన,” అంది.

అని నిద్రపోయింది. ఊపిరి లోపలికి వెళ్ళి బయటికి వచ్చింది, ఒక్క పిల్లికూత కూడా లేకుండా. ముక్కమ్మ వంగి ఆ నడినెత్తి వాసన చూసింది. ఈ పిల్లకు తనదైన వాసన ఒకటి ఉందని ఐదేళ్ళలో మొదటిసారి తెలిసింది. అలవాటుకొద్దీ దానికో పేరు పెట్టబోయి, మానుకుంది.