ఏ ఆత్మకూరు?

రేణుకాదేవి కుడి మణికట్టు ఇక మాట వినడం లేదు. పదిహేడేళ్లుగా ఉదయగిరిలో చెక్క గరిటెలు, ఫోర్కులు చెక్కిన చెయ్యి అది. ఇంకో ఏడాది ఇలాగే ఆకురాయి పట్టి అరగదీస్తే అన్నం ముద్ద ఎత్తడం కూడా కష్టమని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. పని మానేయమన్న మాట మాత్రం ఆమె చెవికెక్కలేదు. కరెంటుతో నడిచే చిన్న చెక్కుడు మిషను కొనాలని ఆ రోజే తీర్మానించుకుంది.

నెల్లూరు కొట్లలో అది దొరకలేదు. ఫోనులో దొరికింది. అక్కడ అడ్డుపడ్డాడు మొగుడు మాల్యాద్రి. నిరుడు సగం ధరకే సెల్‌ఫోను వస్తుందని ముందే డబ్బు కట్టి, బట్టల సబ్బులు తెప్పించుకున్న మహానుభావుడాయన.

"ఫోన్లో కొనేది మన కొంపలో వద్దు" అన్నాడు.

"నువ్వు మోసపోయినావని నేను చెయ్యి పోగొట్టుకోవాల్నా?" అంది రేణుక.

గరిటెను ముందు నుంచి చూస్తే ఏమీ తెలియదు, వెనక తిప్పితేనే పగులు కనబడుతుంది. ఆమె ఫోనులో అంగళ్లనూ అలాగే చూసింది. మొదటి దాంట్లో మిషను సగం ధర. పేజీ అడుగు దాకా పోయి చూస్తే అమ్మేవాడి ఊరు లేదు, నంబరు లేదు, డబ్బంతా ముందే కట్టాలట. "పోరా పో" అని మూసేసింది. చివరికి అందరూ వాడే పెద్ద యాప్‌లో, ధర ఎక్కువైనా, సామాను చేతికొచ్చాకే డబ్బిచ్చేలా ఆర్డరు పెట్టింది.

నాలుగో రోజు ఫోను మోగింది. చేతిలో పనుండి స్పీకరు పెట్టింది.

"మేడం, మీ పార్సిల్ ఆత్మకూరులో ఆగిపోయింది. అడ్రసు తప్పుంది. లింకు పంపాను, ఐదు రూపాయలు కట్టండి. పది నిమిషాల్లో కట్టకపోతే వెనక్కి పోతుంది."

రేణుక చేతిలో పని పక్కన పెట్టేసింది. మాల్యాద్రి లేచి వచ్చాడు.

"అయ్యో, కర్నూలు పక్క ఆత్మకూరుకే పోయుంటాది! మా చెల్లెలి పెళ్లికార్డులు అట్టనే పోయినాయి గదా! ఐదు రూపాయలే, కట్టేయ్."

ఆ కార్డులు పెళ్లయిన తొమ్మిదో రోజుకు తిరిగొచ్చాయి. ఇక్కడే మన నెల్లూరు జిల్లా ఆత్మకూరులో ఉండే మాల్యాద్రి చిన్నాన్న, పెళ్లికి పిలవలేదన్న కోపంతో ఇప్పటికీ వీళ్ల గడప తొక్కడు.

రేణుక వేలు లింకు మీదకు పోయింది. మణికట్టు నొప్పి కూడా తొందరపెట్టింది. అంతలో ఆగింది.

"ఏ ఆత్మకూరు సార్?"

"ఏ ఆత్మకూరేంటి మేడం? ఉన్నది ఒక్కటేగా!"

ఆమెకు నవ్వొచ్చింది. ఈ చుట్టుపక్కల పార్సిళ్లు మోసే ఏ మనిషీ చచ్చినా అనని మాట అది.

"ఒకటే ఉండుంటే మా చిన్నమామ మాతో మాట్లాడుతుండేవాడు సార్" అని కట్ చేసింది.

"ఐదు రూపాయలేనే!" అన్నాడు మాల్యాద్రి.

"ఐదు రూపాయలకని తలుపు తీస్తే లోపల ఉండేదంతా ఊడ్చుకుపోతారు. ఆ లింకులో పిన్ను కొడితే బ్యాంకులో ఏం మిగలతాది?"

యాప్ తనే తెరిచి చూసింది. పార్సిల్ నెల్లూరులో బయలుదేరింది, రేపు వస్తుంది. వాడి లింకు చెరిపేసింది.

మర్నాడు మిషను వచ్చింది. డబ్బిచ్చి, తెచ్చినతని ఎదుటే పెట్టె విప్పుతూ మొగుడి చేత వీడియో తీయించింది. మిషనును వెనక తిప్పి చూసి, బిల్లు దాచి, అప్పుడు ప్లగ్గు పెట్టింది. సాయంత్రానికి ఫోర్కుకు నాలుగు పళ్లూ దిగాయి. మణికట్టు కలుక్కుమనలేదు. సంతోషం ఆగక కళ్లు తుడుచుకుంది.

అప్పుడే మాల్యాద్రి ఫోను మోగింది. "సార్, మీ పార్సిల్ అడ్రసు..." అంటోంది అవతలి గొంతు.

మాల్యాద్రి పెళ్లాం వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఏ ఆత్మకూరురా?" అన్నాడు.