మూడింటి వాన

"నీ పనే కదా, ఎప్పుడు వెళ్తే బాగుంటుందో నువ్వే చూసి చెప్పు," అన్నాడు భర్త, పేపరు మీంచి తలెత్తకుండానే. ఆదివారం పొద్దున. ఆమె నేల మీద కూచుని వారానికి సరిపడా వెల్లుల్లి ఒలుస్తోంది. గోళ్ళ కింద మంట పుడుతోంది.

ఆమె పనేనన్నది నిజమే. పద్నాలుగేళ్ళుగా ఆమె ట్రావెల్స్ ఆఫీసులో టికెట్లు బుక్ చేస్తోంది. అక్కడికొచ్చే వాళ్ళలో సగం మంది అడిగేది ఒక్క దేశం గురించే. సముద్రం మధ్యలో, భూమధ్యరేఖని ఆనుకుని ఉంటుంది. చలికాలమన్న మాటే లేదు. ఉన్నవి రెండే కాలాలు. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఎండ, మిగతా అంతా వాన. "ఎండల్లో వెళ్ళండి, వానల్లో వద్దు" అని నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. అందుకే ఇంట్లో ఆమెకి 'వాతావరణశాఖ' అని పేరు. ఊరందరికీ వాతావరణం చెబుతుంది, తను మాత్రం గడప దాటదు అని చుట్టాల ముందు భర్త నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది. నవ్వకపోతే మూతి ముడుచుకుందంటారు.

అలాంటిది ఇన్నేళ్ళకి అతనే అక్కడికి వెళ్దామన్నాడు. పైకి తేలనివ్వలేదు గానీ ఆమె ప్రాణం లేచొచ్చింది. ఆ సముద్రం ముందు ఒక్కసారి, ఏ పనీ లేకుండా, ఊరికే కూర్చోవాలని ఎంతకాలంగా అనుకుంటోందో ఎవరికీ చెప్పలేదు.

నెల ఏరడం మొదలైంది. మార్చి అంటే కూతురి పరీక్షలు. ఏప్రిల్ అంటే, "ఆ ఉక్క నా వల్ల కాదమ్మాయ్," అంది అత్తగారు. డిసెంబరులో భర్త ఆఫీసులో తనిఖీలు. ఫిబ్రవరిలో అత్తగారి కంటి ఆపరేషను. వానాకాలం సంగతి ఎవరూ ఎత్తనైనా ఎత్తలేదు. అన్నీ పోగా జనవరిలో ఎనిమిది రోజులు మిగిలాయి. ఆమెకి ఎప్పుడు వీలవుతుందని ఎవరూ అడగలేదు. అడగలేదన్న సంగతి ఆమెకీ తట్టలేదు.

"హోటలొద్దు. వంటగది ఉన్న ఇల్లు చూడు," అన్నాడు భర్త. "అమ్మకి బయటి తిండి పడదు."

"చిన్న కుక్కరు పెట్టెలో పడుకోబెడితే సరి," అంది అత్తగారు. "పోపుల డబ్బా నేను గుర్తు చేస్తాలే."

"సరే అత్తయ్యా," అంది ఆమె. ఆ 'సరే' ఆమె నోట్లో ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది.

సోమవారం ఆఫీసులో ఇళ్ళ ఫొటోలు చూడ్డానికి కూర్చుంది. ఒకటి, రెండు, ఆరు, పది. పదకొండో ఇంటి దగ్గర తను చూస్తున్నదేమిటో తనకే తెలిసొచ్చింది. పొయ్యికి ఎన్ని బర్నర్లు, సింకు ఎంత లోతు, ఉతికినవి ఆరేసుకునే తీగె ఉందా లేదా. ఒక్క ఫొటోలోనూ సముద్రం వైపు కన్ను పోలేదు. వెనక్కి వెళ్ళి మళ్ళీ చూసింది. సముద్రం ప్రతి ఇంటి వరండాకీ ఉంది, పడగ్గదులకీ ఉంది. వంటగది కిటికీ మాత్రం అన్ని ఇళ్ళలోనూ వెనకాల ప్రహరీగోడ వైపే ఉంది. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు, తను అంత దూరం వంటిల్లుని మోసుకుపోతోంది. అక్కడా ఆరింటికి లేవాలి. "కాఫీ అయిందా?" అన్న కేక అక్కడా వినబడుతుంది, కాకపోతే అలల చప్పుడు పక్కన. మధ్యాహ్నం వాళ్ళు నీళ్ళలోంచి వచ్చేసరికి అన్నం ఉడికి ఉండాలి. తడి తువ్వాళ్ళు ఎక్కడ పడేస్తారో ఇప్పుడే చెప్పగలదు. తిరిగొచ్చాక, "హాయిగా తిరిగొచ్చాం, నీకూ రెస్టు దొరికింది," అంటాడు భర్త. ఆమెకి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

సరిగ్గా అప్పుడే రిటైరైన డ్రాయింగు టీచరుగారొకావిడ వచ్చి ఎదురుగా కూర్చున్నారు. డెబ్భైకి దగ్గర పడిన మనిషి, చేతిలో గొడుగు.

"ఆ దేశానికే. సెప్టెంబరులో. ఒక్కదాన్నే."

"సెప్టెంబరు వద్దు టీచరుగారూ, జోరువానలు. జనవరికి మార్చుకోండి," అంది అలవాటుగా.

"వానల కోసమే వెళ్తున్నానమ్మా. పోయినేడూ సెప్టెంబరులోనే వెళ్ళాను. అక్కడి వాన మనం అనుకున్నట్టు కాదు. మధ్యాహ్నం మూడింటికి వస్తుంది, అయిదింటికి చక్కా పోతుంది. పొద్దున్నంతా ఎండే. జనం ఉండరు. ఆ రెండు గంటలూ ఎవరూ ఎక్కడికీ కదల్లేరు, నిన్నెవరూ దేనికీ పంపలేరు. వరండాలో కూచుని చూస్తూ ఉండటమే." ఆవిడ ఆగి అడిగారు. "ఇన్నేళ్ళుగా అమ్ముతున్నావు, నీకు తెలీదా?"

తెలీదు. దీపం కింద చీకటంటే ఇదే. ఆ దేశంలో ఏ నెలలో ఎన్ని అంగుళాలు పడుతుందో కంఠతా వచ్చు. ఆ వాన ఎన్నింటికి వస్తుందో ఏనాడూ ఎవరినీ అడగలేదు. పనికిరాని కాలమని ఎవరో రాసిచ్చిన ముక్క పద్నాలుగేళ్ళు చిలకలా అప్పజెప్పింది. ఎంతమందిని వెనక్కి తిప్పి పంపిందో.

టీచరుగారి టికెట్టు పూర్తి చేసి ఆవిడని గుమ్మం దాకా సాగనంపింది. వెనక్కొచ్చి, జనవరికి వాళ్ళ ముగ్గురికీ సీట్లు బుక్ చేసింది, వంటగది ఉన్న ఇల్లు కూడా. తర్వాత సెప్టెంబరు తెరిచింది. టీచరుగారి తేదీలు వదిలేసి, ఆ తర్వాతి వారం ఎంచుకుంది. వంటగది లేని గది, వరండా ఉన్నది. బటన్ నొక్కింది. ఎప్పుడో బిగబట్టిన ఊపిరి వదిలినట్టయింది, అంతే.

సెలవు కాగితం చూసి మేనేజరు కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఎవరికి బాగోలేదమ్మా?" అని ఎంతో జాలిగా అడిగాడు. ఆయన తప్పు కాదు. ఆమె పద్నాలుగేళ్ళ సెలవులన్నీ ఎవరో ఒకరి జ్వరానికో, ఆపరేషనుకో, పరీక్షలకో ఖర్చయినవే.

"అందరూ బాగున్నారు సార్. అందుకే వెళ్తున్నాను."

సాయంత్రం భోజనాల దగ్గర సంగతి చెప్పింది. మంచినీళ్ళ గ్లాసు భర్త నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది.

"వానల్లో ఎవరైనా వెళ్తారా? ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి."

"దారి ఖాళీగా ఉంటుందిలెండి."

"ఒక్కత్తివీ వెళ్తే నలుగురూ ఏమనుకుంటారమ్మాయ్?" అంది అత్తగారు. కాసేపటికి ఆవిడే, "అయితే ఆ వాన నిజంగా మూడింటికే వస్తుందా?" అని మెల్లిగా అడిగింది.

"అలాగేనట అత్తయ్యా. వెళ్ళొచ్చి చెప్తాను."

కూతురు పళ్ళెంలోకి చూసుకుంటూ నవ్వాపుకుంటోంది. భర్తకి అప్పుడు అసలు చిక్కు గుర్తొచ్చింది. "మరి జనవరిలో మాకు వంట?"

"పొయ్యి ఎలా వెలిగించాలో ఆ ఇంటి గోడ మీద రాసి అంటించి ఉంటుందట. బొమ్మలతో సహా. మీరు ఇంజనీరు కదా, తేలిగ్గానే అర్థమవుతుంది."

"ఎవరైనా ఏమైనా అన్నారా నిన్ను?" గొంతు తగ్గించి అడిగాడు. కోపం కంటే కంగారే ఎక్కువగా ఉంది అందులో. ఆమెకి జాలి కలిగింది గానీ, ఆ జాలికి సీటు రద్దు చేయించేంత బలం లేదు. ఎవరూ ఏమీ అనలేదని చెప్పింది.

"సెప్టెంబరంటే సరే, ఏదో ముచ్చట అనుకుందాం. జనవరిలో మాతో రాకపోవడమేమిటి? ఎనిమిది రోజులు! మేం ముగ్గురం అక్కడుంటే, ఒక్కదానివీ ఈ ఇంట్లో ఏం చేస్తావు?"

ఆమె చెయ్యి అన్నంలో ఆగిపోయింది. సెప్టెంబరు గురించి తప్ప ఇంకేమీ ఆలోచించలేదు. పెళ్ళయి పదహారేళ్ళు. ఎవరి కోసమూ చెవి ఒగ్గకుండా ఈ ఇంట్లో ఒక్క పూటైనా గడిపిన గుర్తు లేదు. ఎనిమిది ఉదయాలు ఒక్కసారిగా కళ్ళ ముందు పరుచుకున్నాయి.

"ఏమీ చెయ్యను," అంది.