బరువెక్కుతున్న సుత్తి

రిటైరయ్యాక తూకాలాయనకి పట్టుకున్న పిచ్చి కొయ్యసుత్తులు చెయ్యడం. మేకులు దిగ్గొట్టే సుత్తులు కావు, క్రోకే ఆడే సుత్తులు. పచ్చిక మీద కొయ్యబంతిని కొట్టి, నేలలో వంచి గుచ్చిన ఇనుప కమ్మీల కిందనుంచి దాటించే ఆట అది. నడుం ఎత్తు పిడి, దాని చివర అడ్డంగా గుండ్రటి తల.

ఉద్యోగమంతా దుకాణాల్లో త్రాసులు సరిచేస్తూ గడిపాడు గనక ఆ పేరు అలాగే అతుక్కుపోయింది. సంచీ చేత్తో ఎత్తగానే కూరలమ్మినవాడు ఎంత నొక్కేశాడో చెప్పేసేవాడు. "ఈయనతో కాపురమంటే రోజూ తనిఖీయే" అని భార్య అందరి దగ్గరా మురిపెంగా చెప్పుకునేది.

ఇంటి పక్కన కారు ఎన్నడూ చూడని కారు షెడ్డు ఉంది. అందులో ఆయన చిత్రిక పడుతుంటే పొట్టు ఉంగరాలు తిరిగి రాలేది. ఆవిడ రెండు చేతుల్లో రెండు టీ కప్పులతో వచ్చి, ఒక పొట్టు ఉంగరం తీసి చెవికి తగిలించుకుని, "బంగారం ఎలాగూ కొనరు, ఇదైనా దక్కనివ్వండి" అనేది. తాజా కలప వాసనలో ఆ టీ ఎంత బాగుండేదో!

ఆవిడ సుత్తి ఆయన చేసిందే. మణికట్టు నుంచి నేలదాకా కొలిచి పిడి కోశాడు, చేతి సత్తువ చూసి తల చెక్కాడు. ఆదివారం పొద్దున పార్కు వెనక పచ్చికలో వాళ్లిద్దరూ ఒక జట్టు. వానలు వెళ్లాక జంటల పందెం ఉంది. ఈసారైనా గెలవాలని ఇద్దరికీ పట్టుదల.

వానలు మొదలైన కొత్తలో ఆవిడ, "ఏమండీ, ఇది బరువెక్కిందేమిటి?" అంది.

"కొయ్య కదా, చెమ్మ పీల్చి ఉంటుంది."

పొయ్యి పక్కన ఆరబెట్టి, ఒక పొర చెక్కి, అవిసె నూనె పట్టించాడు. కొన్నాళ్లకి మళ్లీ అదే మాట.

"లోపల రాళ్లేమైనా పోశారా?"

"రాళ్లు పొయ్యడం అమ్మేవాళ్ల పని. నేను తూచేవాణ్ణి."

పక్క వాటాలో ఉండే లెక్కల టీచరు కూడా వాళ్లతో ఆడేది. "వదినా, అన్నయ్యగారు చివరికి మీకు దూదితో సుత్తి చేసిస్తారు చూడండి!" అని నవ్వింది.

ఆయన మళ్లీ చెక్కాడు. ఆ తర్వాత మళ్లీ. ఆవిడ ఇప్పుడు టీ కప్పులు ఒక్కొక్కటిగా తెస్తోంది. అదీ చూశాడు. షెడ్డు మెట్టు జారుతోంది కాబోలు అనుకున్నాడు. కెటిల్ రెండు చేతులతో ఎత్తుతోంది. పిడి కాలుతోంది కాబోలు అనుకున్నాడు.

పందెం దగ్గరపడింది. ముసురు పట్టిన ఒక సాయంత్రం ఆవిడ షెడ్డులోకి వచ్చి, సుత్తి ఎత్తబోయి, కింద పెట్టేసి, ఊరికే నవ్వింది. ఈసారి బరువు అనలేదు.

ఆయన లేచి, మూలనున్న పాత త్రాసు మీద గుడ్డ తీసి సుత్తిని పెట్టాడు. ముల్లు సరిగ్గా లేవనైనా లేవలేదు. పిల్లల ఆటబొమ్మకి కూడా అంతకన్నా బరువుంటుంది. చెమ్మా లేదు, ఏమీ లేదు. ఇన్నాళ్లూ ఒక్కసారి తూచలేదేం? చేత్తో ఎత్తితే తెలియదా? తెలిసింది. మొదటిసారే తెలిసింది. అందుకే త్రాసు జోలికి పోలేదు.

"ఏం చూపిస్తోంది?" అందావిడ.

"కొంచెం... చెమ్మే."

"త్రాసు ముందు నిలబడి అబద్ధమా? మీరా?"

ఆవిడ బల్ల అంచున కూర్చుంది.

"టీచరమ్మని తోడు తీసుకుని నరాల డాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చాను. ఈ చెయ్యి ఇక ఇంతేనట. రెండోది కూడా ఇదే దారి పడుతుందట."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే చెక్కడం మానేస్తారు. నాకోసం మీరలా పొరలు తీస్తుంటే... బాగుండేదండీ."

"ఇంకొంచెం తీస్తాను. తల లోపల డొల్ల చేస్తాను."

ఆవిడ రెండు చేతులతో సుత్తి పట్టుకుని, నేల మీదున్న బంతిని తట్టింది. బంతి కాస్త ఊగి, ఉన్నచోటే ఆగింది.

"చూశారుగా. పందెంలో టీచరమ్మతో ఆడండి."

"నువ్వు లేకుండా నేను ఆడను."

"ఆడతారు. గట్టు మీద కూర్చుని తిట్టుకోడానికి నాకూ ఒక మనిషి కావాలిగా."

"నీకు సుత్తి కొలవాలి, రా" అని గోడ మీంచి కేకేసి పిలిచింది. టీచరు వచ్చి, ఇద్దరి మొహాలూ చూడగానే ఆయనకి తెలిసిపోయిందని గ్రహించింది. "వదినా, నాకొద్దు వదినా" అంది.

"నోరు మూసుకుని నిటారుగా నిలబడు. చెయ్యి కిందికి వదులు."

ఆయన టేపు టీచరు మణికట్టు దగ్గర పట్టుకున్నాడు. కింది కొస నేలకి ఆనడం లేదు. భార్య తన కాలి బొటనవేలితో దాన్ని తొక్కి పట్టింది. ఆ పాదం ఎంత తక్కువ బరువుతో ఆనిందో తూకాలాయనకి టేపులోంచే తెలిసింది. తెలియకపోతే బాగుండేది.

టీచరు కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. ఆయన కొత్త దుంగ ఒకటి తీసి బల్లకి బిగించాడు.

"ఎంత బరువుంచను?" అని అడిగాడు. ఆ ప్రశ్న ఇంకొకరిని అడగడం ఆయనకి అలవాటు లేదు.

"బాగా బరువుగానే ఉంచండి. టీచరమ్మ చెయ్యి గట్టిది."

చిత్రిక కలప మీద ఆనించాడు గానీ, ఎంతసేపటికీ ముందుకు తోయలేకపోయాడు. ఆవిడ తొందరపెట్టలేదు.