బస్సెక్కి వచ్చిన కుర్చీ

పొద్దున్నే పాలు కాచి, పాపకి ముఖం కడిగి, వంటగది గట్టు మీద లాప్‌టాప్ తెరవడం లెక్కలమ్మాయికి అలవాటు. నూనె డబ్బాకీ లాప్‌టాప్‌కీ మధ్య జానెడు జాగా ఉంటుంది. ఆ జానెడులోనే ఆవిడ నీటి మోటార్ల కంపెనీ బిల్లులన్నీ సరిచూస్తుంది. వయసు ముప్ఫై దాటినా, ఆఫీసులో చేరిన రోజు ఎవరో పెట్టిన ఆ పేరు అలాగే ఉండిపోయింది.

ఇల్లు ఊరి చివర. ఇదివరకు ఆఫీసుకి నడిచి వెళ్లేంత దగ్గర్లో ఉండేవాళ్లు. అద్దె పెరిగినప్పుడల్లా ఒక పేట వెనక్కి జరిగి జరిగి ఇక్కడికొచ్చారు. "ఇంకొక్కసారి పెంచారంటే పొలాల్లో పడతాం" అంటుంది అత్తగారు. నూనె, గ్యాసు, బస్సు టికెట్టు ఒకదాన్ని చూసి ఒకటి పెరిగాయి. జీతం మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. భర్త అంబులెన్సు డ్రైవరు. ఏ పూట ఇంటికొస్తాడో ఆయనకే తెలియదు.

ఇంతలో ఆఫీసు నుంచి కబురు. ఇన్నాళ్లూ ఇళ్ల నుంచి చేసింది చాలు, సోమవారం నుంచి అందరూ వచ్చి ఎవరి కుర్చీలో వాళ్లు కూర్చోవాలి. కూర్చోనివాళ్లు ఉద్యోగం వదులుకున్నట్టే.

కబురు పంపింది మేనేజరు. వెనకాల అందరూ ఆయన్ని హాజరు సారు అంటారు. ఉత్తినే అనలేదు. ప్రతి కుర్చీ అడుగునా ఒక మీట పెట్టించాడు. మనిషి కూర్చుంటే హాల్లో గోడ మీదున్న బోర్డులో ఆ మనిషి పేరు పక్కన పచ్చ దీపం, లేస్తే ఎర్ర దీపం. ఒకరి కుర్చీలో ఇంకొకరు కూర్చుంటే అసలు దీపమే వెలగదు. పండో కాయో తేలేది పని చూసి కదా, కుర్చీ చూసి తేల్చడమేమిటని అందరికీ లోపల ఉన్నా, పైకి అన్నవాళ్లు లేరు.

లెక్కలమ్మాయికి ముందు నుయ్యి, వెనక గొయ్యి. వెళ్దామంటే పాపకి రెండేళ్లు. అడుగు నేల మీద ఆనితే పరుగే. అత్తగారికి మోకాళ్లు వంగవు. పిల్లల్ని చూసుకునే చోట చేరుద్దామంటే సగం జీతం అక్కడే పోతుంది, మిగతా సగం బస్సులకి. మానేద్దామంటే అద్దె ఎవరు కడతారు? నిజం చెప్పాలంటే ఆవిడకి ఆఫీసంటే ఇష్టమే. పక్క సీటావిడతో కలిసి టీ తాగుతూ నవ్విన నవ్వులు వంటగది గట్టు మీద దొరకవు. అయినా నవ్వుల కోసం పిల్లని గాలికొదిలేయడం కుదరదు కదా.

సోమవారం వచ్చింది. ఏదైతే అదవుతుందని పాపని చంకనేసుకుని తలుపు తీసింది. గుమ్మంలో ఆవిడ ఆఫీసు కుర్చీ నిలబడి ఉంది.

చక్రాలకి బురద. వెనక, ఆవిడ ఎప్పుడో చుట్టిపెట్టుకున్న నీలం శాలువా అలాగే ఉంది. చేతి సందులో లగేజీ టికెట్టు.

"అయ్యో, ఎంత దూరం నుంచి వచ్చిందో పాపం!" అంది అత్తగారు. "అలా నిలబెట్టేశావేంటమ్మా? లోపలికి తీసుకురా. ముందా కాళ్లు తుడువు."

"టికెట్టు కూడా కొనుక్కుంది అత్తయ్యా."

"కొనదా మరి? నీ దగ్గర పెరిగిన కుర్చీ."

పై వాటాలో ఉండే అదే ఆఫీసాయన కుర్చీ తెల్లవారకముందే వచ్చిందట. మెట్లెక్కలేక కింద తచ్చాడుతుంటే ఇద్దరు పట్టి పైకి చేర్చారు. లెక్కలమ్మాయి చక్రాలు తుడిచి, కుర్చీని గట్టు దగ్గరికి లాక్కుని కూర్చుంది. నడుముకి హాయిగా ఉంది. అడుగున మీట టిక్కుమంది.

కాసేపటికి ఫోను మోగింది. హాజరు సారు.

"ఏమ్మా, బోర్డు నిండా పచ్చ దీపాలే. హాల్లో పిట్ట లేదు. నీ కుర్చీ ఎక్కడుంది?"

"మా ఇంట్లో ఉంది సార్."

"ఎలా వచ్చింది?"

"బస్సులో సార్."

"బస్సు ఖాళీగానే ఉందా?" అని అడిగాడు.

"తెలీదు సార్. అలిసిపోయినట్టుంది, నేనూ అడగలేదు."

"చూడమ్మా, నలుగురూ ఒకచోట కూర్చుంటేనే అది ఆఫీసు. ఇంట్లో చేస్తే పని పనిలా ఉండదు."

"ఇంట్లో చేసిన బిల్లుల్లో తప్పొచ్చిందా సార్?"

"తప్పుల సంగతి కాదు నేననేది. రేపు కుర్చీ తీసుకుని నువ్వే రా. నిన్ను చూసి మిగతావాళ్లూ వస్తారు. రాకపోతే ఉద్యోగం సంగతి మర్చిపో."

మర్నాడు కుర్చీ కదిలితే ఒట్టు. నాలుగు చక్రాలూ బిగబట్టుకుని గట్టుని అంటిపెట్టుకుంది. లెక్కలమ్మాయి లాగింది, బతిమాలింది, పాపతో కూడా చెప్పించింది. "దాని ఇష్టం దానిది, వదిలెయ్" అంది అత్తగారు. చేసేది లేక పాపని ఎత్తుకుని, రెండు బస్సులు మారి, ఉత్త చేతులతో ఆఫీసుకి చేరింది. దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కుంటూనే ఉంది. ఉద్యోగం పోతే అత్తగారి ముఖం ఎలా చూడాలన్నదే ఆవిడ భయం.

గేటు దగ్గర టీ కొట్టాయన చెయ్యూపాడు. "రండమ్మా, మనిషిని చూసి ఎన్నాళ్లైందో! మీరంతా ఇళ్లల్లో కూర్చుంటే నా గిన్నెకి పొయ్యెక్కే పనే లేదు." ఆయన మాటా అబద్ధం కాదు.

హాలు వెలవెలబోతోంది. బల్లలున్నాయి, కుర్చీల్లేవు. గోడ మీద పచ్చ దీపాల వరస. మధ్యలో హాజరు సారు నిలబడి ఉన్నాడు. ఆయన గదిలోనూ కుర్చీ లేదు.

"నా కుర్చీ కూడా పోతుందేమోనని బల్ల కాలికి గొలుసేసి కట్టాను" అన్నాడు. "గొలుసుతో సహా పోయింది."

లెక్కలమ్మాయి బోర్డు వైపు చూసింది. అన్ని పచ్చ దీపాల్లో రెండే ఎర్రవి. ఒకటి ఆవిడది, ఒకటి ఆయనది. ఆఫీసుకి వచ్చిన ఇద్దరే గైర్హాజరు. ఆవిడకి నవ్వొచ్చింది. ఆపుకోబోయి ఆపుకోలేకపోయింది. ఆయన కూడా బోర్డు చూశాడు గానీ నవ్వలేదు. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో, బల్ల అంచుకి చేరగిలబడ్డాడు. ఆవిడకి జాలేసింది.

"మీ ఇంటికే వెళ్లుంటుంది సార్. పదండి, చూసొద్దాం."

టీ కొట్టాయన్ని అడిగితే ఎడమ పక్కకి చెయ్యి చూపించాడు. "గొలుసు ఈడ్చుకుంటూ వెళ్లింది. టీ తాగుతావా అని అడిగినా ఆగలేదు."

దుమ్ములో గొలుసు గీత స్పష్టంగా ఉంది. ఇద్దరూ దాని వెంట నడిచారు. ఒక ఎత్తైన భవనం ముందు ఆవిడ ఆగింది, ఆయన ఉండేది అక్కడేనని అందరికీ తెలుసు. గీత మాత్రం ఆగలేదు.

"అక్కడెవరూ లేరులే" అన్నాడాయన. "తలుపు తీసేదీ నేనే, వేసేదీ నేనే."

గీత కూరగాయల బజారు దాటింది, పట్టాలు దాటింది. దర్జీ కొట్టున్న సందులోకి తిరిగేసరికి ఆయన నడక మందగించింది.

"ఏమైంది సార్?"

"ఇది మా అక్క ఇల్లుండే సందు. నన్ను చదివించింది ఆవిడే." గొంతు తగ్గింది. "మా బావ పోయిన రోజు ఆఫీసులో సంవత్సరం లెక్కలు మూసే రోజు. హాజరు పోతుందని ఆగిపోయాను. ఆ తర్వాత ఈ సందులోకి రావడానికి ముఖం చెల్లలేదు."

పాప చంక దిగి, గొలుసు గీత మీద కాలు పెట్టుకుంటూ ముందుకి పరిగెత్తింది. పాప వెనక ఆవిడ, ఆవిడ వెనక ఆయన. గీత ఒక పచ్చ తలుపు దగ్గర ముగిసింది. తలుపు తీసే ఉంది.

లోపల కిటికీ పక్కన కుర్చీ ఉంది. గొలుసు విప్పి, చుట్టచుట్టి, పక్కన పెట్టి ఉంది. నెరిసిన జుట్టున్న ఒకావిడ దాని చక్రాలు తుడుస్తోంది. అలికిడికి తలెత్తి చూసింది.

"కుర్చీ పొద్దున్నే వచ్చిందిరా" అంది. "నువ్వింకా రాలేదేంటా అని చూస్తున్నా."

ఆయన గుమ్మంలోనే ఏడ్చేశాడు. అంత పెద్ద మనిషి, పసివాడిలా ఏడ్చాడు. అక్క చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి కూర్చోబెట్టింది. మీట టిక్కుమంది. పాప వెళ్లి ఆయన ఒళ్లోకి ఎక్కింది.

"సార్, మరి రేపట్నుంచి నేను..." అంది లెక్కలమ్మాయి మెల్లగా.

"నువ్వు రావద్దులేమ్మా" అన్నాడాయన కళ్లు తుడుచుకుంటూ.

ఉద్యోగం పోయిందనుకుని ఆవిడ పాపని ఎత్తుకోబోయింది.

"ఇంట్లోనే చేసుకో. నేనూ ఇక్కణ్ణుంచే చేస్తా. నెలకొకసారి అందరం ఆ టీ కొట్టు దగ్గర కలుద్దాం, పాపం అతనూ బతకాలి కదా."

ఎండ దిగకముందే ఆవిడ ఇల్లు చేరి, గట్టు దగ్గర కుర్చీలో కూర్చుంది. ఖాళీ హాల్లో బోర్డు మీద చివరి ఎర్ర దీపం కూడా పచ్చబడింది. చూడ్డానికి అక్కడ ఎవరూ లేరు.