అల్లుడి చేతి కల్లు

కల్లు పట్టే లొట్టి లోపలికి కుడిచెయ్యి పెట్టి ఇసుకతో రుద్దుతున్నాడు వెంకటేశం. ఎడమ చెయ్యి ఊరికే మోకాలి మీద పడి ఉంది. దాన్ని భుజం దాటి లేపొద్దని కరీంనగర్ డాక్టర్ గట్టిగా చెప్పాడు. ఎడమవైపు మెడ ఎముక కింద, చర్మం లోపల, అగ్గిపెట్టెంత పేస్‌మేకర్ ఉంది. గుండె నిదానిస్తే అది గిల్లి లేపుతుందట. పనికి పోవచ్చుగాని ఈ జన్మకు చెట్టు ఎక్కొద్దని కూడా అన్నాడు డాక్టర్. పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి తాటిచెట్లెక్కి కల్లు దించినవాడికి చెట్టు ఎక్కని పని ఏముంటుంది? లొట్లు కడిగే పని ఉంటుంది. నిన్నటిదాకా అది ఆయన భార్య సమ్మవ్వ చేసిన పని.

ఆపరేషన్ తర్వాత తాటివనానికి రావడం ఇదే మొదలు. మల్యాల దాటాక జగిత్యాల రోడ్డు పక్కనే ఉంటాయి ఆయన వంతు చెట్లు. ఇప్పుడు వాటిని ఎక్కుతున్నది అక్క కొడుకు మహిపాల్. దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చి, మామ దవాఖానాలో పడ్డాడని తెలిసి, చెట్టెక్కే మోకు నడుముకు కట్టుకున్నాడు. ఈలోగా కొత్త కంపెనీ వీసా వచ్చింది. పోతావా లేదా ఈరోజే తేల్చమని, పోతే రాత్రికే విమానమని జగిత్యాల ఏజెంటు పొద్దున్నుంచి ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. వాడు వెళ్లిపోతే ఊళ్లో చెట్టెక్కే మనిషి లేడు. రెండు మూడు రోజులు కత్తి తగలకపోతే తాడి గెల ఎండిపోతుంది, ఆ ఏటికి ఆ చెట్టు పని అయిపోయినట్టే. ఇదంతా వెంకటేశానికి తెలుసు. తెలిసి కూడా కడుపు మండుతోంది.

పైకి చూశాడు. మహిపాల్ పాదాలు రెండూ దగ్గరపెట్టి, మోకు ఒక్క విసురుతో పైకి జరిపి, బల్లిలా పాకిపోతున్నాడు. ఎక్కడన్నా తప్పు దొరుకుతుందేమోనని మెడ నొప్పి పుట్టేదాకా వెతికాడు వెంకటేశం. దొరకలేదు. దొరకనందుకే ఎక్కువ మండింది. ఆ మోకు తనది. ఆ కత్తి తనది. ఆ విద్య తను నేర్పిందే. తన కంచంలో ఇంకొకడు అన్నం తింటుంటే గడపలో కూర్చున్నట్టుంది.

పొద్దున్నే తాగడానికి వచ్చే ముసలి మల్లన్న మొదట పరాచికాలాడాడు, బ్యాటరీ చార్జింగ్ ఉన్నదా, రాత్రి వైరు తగిలిస్తున్నావా అని. వెంకటేశం నవ్వాడు. తర్వాత మల్లన్న తాటాకు మడిచి పట్టి, పోసిందంతా ఒక్క గుక్కలో తాగి, మూతి తుడుచుకున్నాడు.

"నీ అల్లుని చెయ్యి మంచిగున్నదే ఎంకటేశం. గీ తీపి ఎన్కట లేకుండె."

పక్కనున్నవాళ్లు కూడా తలలూపారు. వెంకటేశం మళ్లీ నవ్వాడు గాని, ఈసారి పెదాలు సహకరించలేదు. ఎన్కట అంటే తన కాలం. తను ఎక్కిన కాలం. ఇన్నేళ్లు ఎండకూ వానకూ ఛాతీ తోలు ఊడేలా ఎక్కితే ఒక్కడూ అనని మాట, మొన్న వచ్చినవాడి గురించి ఎంత తేలిగ్గా అనేశారు!

అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టని సామెత. వెంకటేశానికి దుత్త వెతుక్కోవాల్సిన పని కూడా లేదు, చేతిలోనే ఉంది. లొట్టి అడుగున నిన్నటి మడ్డి పేరుకొని ఉంటుంది. అది పోయేలా ఇసుకతో తోమి, వేడినీళ్లతో కడిగి ఇవ్వాలి. లేకపోతే అందులో పడ్డ కల్లు పడ్డట్టే పులుస్తుంది. ఆ పూట మహిపాల్ పైకి తీసుకుపోయే లొట్లలో ఆయన చన్నీళ్లు తిప్పి పారబోశాడు, అంతే. మహిపాల్ వాటిని నడుముకు తగిలించుకుని, మామ ఇచ్చినవి కాబట్టి లోపలికి చూడకుండానే ఎక్కాడు.

కాసేపటికి భయం పట్టుకుంది. మధ్యాహ్నం కట్టే లొట్లను రెండింతలు శుభ్రంగా తోమాడు. కాని ముందు కట్టినవి అప్పటికే పైన ఉన్నాయి.

మధ్యాహ్నం మహిపాల్ వాటిని దించి, కడిగినవి కట్టి వచ్చాడు. మల్లన్న ఒక్క గుక్క తాగి ఉమ్మేశాడు.

"ఏందిర మహిపాల్, గిట్ల పులిసింది? ఎంకటేశం ఎక్కినప్పుడు గిట్ల ఎన్నడన్న అచ్చిందా?"

ఎన్నాళ్లకో వెంకటేశం ఛాతీ లోపల చల్లబడింది. డాక్టరు పెట్టిన యంత్రం చెయ్యలేని మేలు ఆ ఒక్క మాట చేసింది. ఇంకెవరన్నా అంటారేమోనని అందరి మొహాలూ చూశాడు. అన్నారు కూడా. కొండగట్టు నుంచి దిగి వస్తూ ఆగిన సిరిసిల్ల కారువాళ్లు సీసా వెనక్కిచ్చి వెళ్లిపోయారు. మహిపాల్ తలవంచుకుని నిలబడ్డాడు. సమ్మవ్వ ఖాళీ అయిన లొట్టిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. భర్త వైపు ఒకసారి చూసి, లొట్టి కింద పెట్టింది.

జనం పోయాక మహిపాల్ వచ్చి మామ పక్కన కూర్చున్నాడు.

"మామా, దుబాయ్ పోనని చెప్పుదామనుకున్న. నేను పోతె నీ చెట్లు ఎండుతయని. కని గీ చెట్లకు నా చెయ్యి పడుతలేదు. ఊకె నీ పేరు ఖరాబ్ చేసుడెందుకు? పోత."

మహిపాల్ మోకు విప్పి, చుట్ట చుట్టి, ఆయన ముందు పెట్టి, బట్టలు సర్దుకోవడానికి ఇంటికి వెళ్లాడు. అప్పుడు సమ్మవ్వ నెమ్మదిగా అంది, "లొట్టిల మడ్డి అట్లనే ఉన్నది. నీ కడుగుడు నాకు తెల్వదా? వాడు బస్సెక్కకముందే చెప్పు."

చెప్పాలనే రోడ్డు మీదికి నడిచాడు. తప్పు నీ చేతిది కాదు, నా చేతిది అంటే చాలు. వాడు సంచి దించేస్తాడు. సాయంత్రం చెట్టెక్కుతాడు. రేపు పొద్దున మల్లన్న మళ్లీ మూతి తుడుచుకుని వాడి చేతిని పొగుడుతాడు. ఆ పొగడ్త చెవిలో వినిపించినట్టయి నడక నిదానించింది. గుండెకు యంత్రం పెట్టారుగాని నాలుకకు ఎవరూ పెట్టలేదు. బస్సు ఆగింది. మహిపాల్ వంగి కాళ్లు మొక్కాడు.

"పైలం అల్లుడా," అన్నాడు వెంకటేశం.

బస్సు వెళ్లిపోయింది. పొద్దు వాలాక మల్లన్న వచ్చాడు, ఇంకో ఇద్దరు వచ్చారు. కల్లు లేదని సమ్మవ్వ చెప్పి పంపింది. మహిపాల్ మళ్లీ ఎప్పుడొస్తాడని మల్లన్న అడిగితే ఆమె ఖాళీ లొట్లను బోర్లించి పెట్టింది. వెంకటేశం తాడి మొదట్లో నిలబడి, కుడిచెయ్యి చెట్టుకు ఆనించి, మెడ వెనక్కి వంచి పైకి చూశాడు. మధ్యాహ్నం మహిపాల్ కట్టిపోయిన లొట్టి అప్పటికే నిండి, తెల్లటి నురుగు పొంగి, మట్ట వెంబడి చుక్కచుక్కగా కారుతోంది.