అలలు అప్పజెప్పిన మాట

ఆదివారమైనా అక్క పొద్దున్నే లేచి కుట్టుమిషనుకి నూనె వేసి, మిగిలిపోయిన చొక్కాలకి గుండీలు కుట్టేసింది. చెల్లెలు వచ్చేసరికి ఆమె చీరకి ఇంకా దారప్పోగులు అంటుకునే ఉన్నాయి.

"ఈ ఒక్కరోజైనా ఆ మిషన్ని వదిలిపెట్టక్కా! సముద్రానికెళ్ళే బస్సు వెళ్ళిపోతుంది," అంటూ చెల్లెలు చెయ్యి పట్టి లాక్కెళ్ళింది.

బస్సులో కిటికీ పక్క సీటు అక్కకే ఇచ్చింది. బత్తాయి వలిచి తొనలు చేతిలో పెట్టింది. తల్లి పోయాక చెల్లెల్ని పెంచి, చదివించి, పెళ్ళి చేసింది అక్కే. పెళ్ళయ్యాక అది ఇంత ముద్దు చేయడం ఇదే మొదటిసారి.

సగం దారిలో చెల్లెలు మాట కదిపింది. "మా అత్తగారు మంచం పట్టారు కదక్కా. ఆ కుట్టుషాపు మూసేసి మా ఇంటికొచ్చెయ్యి. ఒక్కదానివీ ఎన్నాళ్ళని ఉంటావు? కలిసుందాం."

అక్క చెల్లెలి చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. "సరేలేవే. రేపే షాపు ఖాళీ చేస్తానని ఓనరుకి చెప్పేస్తా."

అది సీజను కాదు. బస్సు దిగిన ఊళ్ళో హోటళ్ళకి తాళాలు పడ్డాయి, ఒడ్డున పడవలు బోర్లా పడుకున్నాయి. తెరిచి ఉన్నది ఒక్క టీకొట్టే.

"చెవులు జాగ్రత్తమ్మా," అంది టీ పోస్తూ కొట్టావిడ. "ఎండాకాలం జనం ఇక్కడ వాగిందంతా సముద్రం ఇప్పుడే అప్పజెబుతోంది. నిన్నంతా ఎవరివో పిల్లల పేచీలు. తలనొప్పొచ్చేసింది నాకు."

చెల్లెలు చటుక్కున గ్లాసు బల్ల మీద పెట్టేసింది. "చలిగా ఉందక్కా, ఇక్కడే కూర్చుందాం."

"ఇంత దూరం వచ్చి కాళ్ళు తడుపుకోకుండానా?" అక్క కుచ్చిళ్ళు ఎత్తిపట్టి నీళ్ళలోకి దిగింది.

మొదటి అలలో ఎవరో చెప్పులు వెతుక్కుంటున్నారు. రెండో అలలో ఎవరో ఐసుక్రీం కోసం ఏడుస్తున్నారు. మూడో అలలో వినబడింది చెల్లెలి మొగుడి గొంతు.

"మీ అక్క ఒప్పుకుంటుందంటావా?"

"ఎందుకొప్పుకోదు?" అది చెల్లెలి నవ్వు. "ఓ రోజు ఇక్కడికి తీసుకొచ్చి, నాలుగు తీపి మాటలు చెబితే కరిగిపోతుంది. పనిమనిషైతే నెల తిరక్కుండా పారిపోతుంది. అక్కయితే..."

అల వెనక్కి పోయింది.

"అక్కా, పద," అంటూ చెల్లెలు పరిగెత్తుకొచ్చి రెక్క పట్టుకుంది. అక్క కదల్లేదు. తర్వాతి అల కోసం నిలబడింది.

"...అక్కయితే ఎక్కడికి పోతుంది? బజారులో ఆ గడియారాల కొట్టాయన అక్కని పెళ్ళి చేసుకుంటానని మళ్ళీ అడిగాడు. అక్కకిష్టం లేదని చెప్పి పంపించేశా. ఆవిడకి పెళ్ళయితే మీ అమ్మనెవరు చూస్తారు?"

నీళ్ళు అక్క కాళ్ళ కింది ఇసుకని లాక్కుపోయాయి.

"మళ్ళీ అడిగాడా?" అంది అక్క. "అంటే అంతకుముందూ అడిగాడన్నమాట."

"నీ మంచికేనక్కా. ఈ వయసులో పెళ్ళంటే నలుగురూ నవ్వుతారని..."

"నలుగురి సంగతి తర్వాత. నువ్వు నవ్వావు కదే. ఇప్పుడే విన్నాను."

తిరుగు బస్సులో అక్క డ్రైవరు వెనక సీట్లో ఒక్కతే కూర్చుంది. వెనకాల చెల్లెలు ఏడుస్తోంది. చిన్నప్పుడైతే ఆ ఏడుపు వీధి చివర వినబడినా చేతిలో పని వదిలేసి పరిగెత్తేది. ఇవాళ తల కూడా తిప్పలేదు. దిగబోతూ మాత్రం, "రేపు నా షాపు నేను తెరుస్తున్నా. మీ అత్తగారిని మీరిద్దరూ చూసుకోండి," అంది.

దిగింది తన వీధిలో కాదు, బజారులో. గడియారాలాయన షట్టరు సగం దించి, ఆమెని చూసి ఆగిపోయాడు.

"నాకిష్టం లేదని చెప్పింది నేను కాదు," అంది అక్క. "అసలు నన్నెవరూ అడగనే లేదు."

ఆయన తడబడ్డాడు. "అయితే... ఇప్పుడు అడగనా?"

"ఇవాళ వద్దు. ఇవాళ నేను ఏడవాలి. మా ఇంట్లో ఏడుద్దామంటే ఏ మూల చూసినా మా చెల్లెలే కనబడుతుంది."

ఆయన షట్టరు మళ్ళీ పైకెత్తి, లోపలి స్టూలు తుడిచి ఆమె ముందుకి జరిపాడు.