ఐదో తరగతిలో రైలు గేటు

ఐదో తరగతి గదిలో, మూడో బెంచీకీ నాలుగో బెంచీకీ మధ్య రైలు గేటు ఉంది. నేను వెళ్లేసరికి గేటు మనిషి గేటు వేసి ఉంచాడు. "గూడ్సు వస్తోంది మేడమ్, కాసేపు కూర్చోండి," అంటూ హెడ్మాస్టరు సన్యాసిరావు గారు కుర్చీ దులిపి వేస్తారు.

నేను బడిపిల్లలకి వినికిడి పరీక్షలు చేస్తాను. నా పెట్టె, హెడ్‌ఫోన్లు చూడగానే అందరూ చెవుడు కనిపెట్టడానికి వచ్చాననుకుంటారు. కాదు మొర్రో అన్నా ఎవరూ వినరు. చెవి బాగానే ఉండి, విన్న మాటలు లోపల విడివిడిగా తేలని పిల్లలుంటారు. నేను వచ్చింది వాళ్ల కోసం. అలాంటి పిల్లకి ఏ బడిలోనైనా రెండే పేర్లు పెడతారు, మొద్దు అని ఒకటి, పొగరు అని ఇంకొకటి. ఈ బడిలో ఆ రెండూ గీతికవే. గేటుకి అవతల, నాలుగో బెంచీలో, గోడ పక్కన కూర్చుని ఉంది.

గీతిక తల్లి దమయంతి బయట నిలబడి కిటికీ ఊచలు పట్టుకుంది. జీడిపిక్కల ఫ్యాక్టరీలో పని. జీడిరసానికి వేళ్లు నల్లబడిపోయాయి.

"ఏటండి మేడమ్, మా పిల్లకి ఇనబడతాదా, ఇనబడదా? అదొక్కటీ సెప్పండి. ఇనబడదంటే మందిప్పిస్తాను. ఇనబడీ సదవట్లేదంటే నాతో పిక్కలు కొట్టడానికి తీసుకుపోతాను. రేపు కాదు, ఇయ్యాలే."

చిన్న పరీక్షే, కానీ ఇవాళ దాని మీద ఒక పిల్ల చదువు వేలాడుతోంది. నాకు భయంగానే ఉంది.

గూడ్సు ఎడమ గోడలోంచి వచ్చి కుడి గోడలోకి పోతోంది. మొదటి పెట్టె నిండా ఫ్యాను కిర్రుకిర్రు. దాని వెనక మధ్యాహ్న భోజనం పళ్లేల చప్పుడు, పక్క తరగతి వాళ్ల పన్నెండో ఎక్కం, రోడ్డు మీది ఆటోల హారన్లు, ఒక్కోటీ ఒక్కో పెట్టెలో. చివరి పెట్టెలోంచి గార్డు పచ్చజెండా ఊపుతాడు. పిల్లలెవరూ తలెత్తరు. వాళ్లకిది రోజూ ఉండేదే.

పొద్దుటి నుంచీ మాష్టారు చెప్పిన మాటలన్నీ గేటుకి ఇవతల పోగుపడ్డాయి. వెనక బెంచీ కబుర్లు అవతల పోగుపడ్డాయి. గేటు దగ్గర మన జనం సంగతి తెలిసిందే కదా! ఒక పక్కన ఆగుదామన్న ఇంగితం ఒక్కడికీ ఉండదు. ఇటు రోడ్డంతా వీళ్లు, అటు రోడ్డంతా వాళ్లు. గేటు లేవగానే ఎదురెదురుగా దూసుకొచ్చి పట్టాల మీద ఇరుక్కుంటారు. ఈ మాటలూ మన ఊరివే. అవీ అదే పని చేస్తాయి.

గీతిక లేచి వెళ్లి పట్టాల మధ్య నిలబడుతుంది. రెండు చేతులూ చాపి, "ఒక్కొక్కలూ రండి బాబూ, ఒక్కొక్కలూ," అని బతిమాలుతుంది. ఎవడు వింటాడు? కిందా మీదా పడి ఒక మాటని బయటికి లాగేసరికి గేటు మళ్లీ పడిపోతుంది.

"చూశారా మేడమ్?" అంటారు సన్యాసిరావు గారు. "పాఠం మధ్యలో లేచి నిలబడుతుంది. ఒట్టి పొగరు."

నేను పళ్లు బిగబట్టి పరీక్ష మొదలుపెడతాను. చెవిలో సందడి వేసి, ఆ సందడిలో ఒక మాట వినిపిస్తాను. పిల్ల ఆ మాట తిరిగి చెప్పాలి. అంతే. ముందు బెంచీ కుర్రాడికి హెడ్‌ఫోన్లు పెట్టి "ఏం వినబడింది నాన్నా?" అంటాను.

"బంతి మేడమ్!" అంటుంది తరగతి మొత్తం.

"నేనడిగింది వీడొక్కణ్నే!"

"అవును మేడమ్!" అంటుంది తరగతి మొత్తం. గీతిక పెదాలు కూడా అందరితో పాటు కదులుతున్నాయి. గొంతు మాత్రం రావడం లేదు. ఐదేళ్ల నుంచీ ఈ పిల్ల ఇలాగే నెట్టుకొస్తోందని నాకు అర్థమవుతుంది.

"మా పిల్లలు ఎప్పుడూ ఒకే మాట మీద ఉంటారు మేడమ్," అంటారు సన్యాసిరావు గారు మీసం సవరించుకుంటూ. నాకు ఒళ్లు మండుకొస్తుంది. గీతిక తప్ప అందర్నీ బయటికి పొమ్మంటాను, ఆయన్ని కూడా.

పిల్లలు వెళ్లిపోతారు. వాళ్ల "అవును మేడమ్" మాత్రం వెళ్లదు. బెంచీల మీద చేతులు కట్టుకుని నిటారుగా కూర్చుని ఉంటుంది. ఒక్కో బెంచీ దగ్గరికీ వెళ్లి రెక్క పట్టుకుని లేపుతాను. జ్వరం వచ్చిన పిల్ల ఒళ్లులా వేడిగా ఉంది. బయటికి పోనని మొరాయిస్తుంది. నాలుగు తిట్టి, గెంటి, తలుపు గడియ పెడతాను.

ఇప్పుడు గేటు ఎత్తి ఉంది. నేను గీతిక ఎదురుగా కూర్చుని, మొహం చూస్తూ, మెల్లగా ఒక మాట పంపిస్తాను. ఆ మాట తీరిగ్గా పట్టాలు దాటుతుంది.

"గొడుగు," అంటుంది గీతిక. అని, పెదాలు తడుముకుని చూసుకుంటుంది. "నానే సెప్పినానా మేడమ్?"

"నువ్వేనమ్మా. నువ్వొక్కదానివే."

ఈసారి కుడి చెవిలో ఒక మాట, ఎడమ చెవిలో ఇంకో మాట, రెండూ ఒకేసారి పంపిస్తాను. పట్టాల మీద రెండూ ఢీకొని ఇరుక్కుంటాయి. గీతిక కళ్లలో నీళ్లు తిరుగుతాయి.

"రెండూ వచ్చినాయి మేడమ్. రెండూ మంచియే. దేన్ని ముందు పిలవాల?"

హమ్మయ్య! దొరికింది. ఇది మొద్దుతనమూ కాదు, పొగరూ కాదు. తలుపు తీసి అందర్నీ పిలుస్తాను. దమయంతి కూడా లోపలికి వచ్చి చెప్పులు విడిచి నిలబడుతుంది. నేను చెబుతాను: ఈ పిల్ల చెవులు బంగారంలా ఉన్నాయి. మాటలన్నీ ఒక్కసారే మీద పడితే విడదీసుకోలేకపోతోంది. ముందు బెంచీలో కూర్చోబెట్టండి. ఎదురుగా నిలబడి ఒక్కో మాటే చెప్పండి. జవాబు వచ్చేదాకా ఆగండి. దీన్ని ఒక్కదాన్నే అడగండి. సాధన చేయిస్తే బాగా చదువుతుంది. నా జన్మలో ఇంత చక్కగా ఎప్పుడూ చెప్పలేదు. చెప్పి, నోటి అలవాటు కొద్దీ అడుగుతాను.

"అర్థమైందా?"

"అయ్యింది మేడమ్!" అంటారు సన్యాసిరావు గారు, దమయంతి, పిల్లలు, గేటు మనిషి, అందరూ ఒక్కసారే.

నాకు ఎంత తృప్తిగా ఉందో! పెట్టె సర్దుకుంటాను. ఇంతలో గేటు పడుతుంది. చాలా పొడుగు గూడ్సు. అది పోయేసరికి నాలుగో బెంచీ ఖాళీగా ఉంది.

కిటికీలోంచి చూస్తే, రోడ్డు మీద దమయంతి కూతురి చెయ్యి పట్టుకుని ఫ్యాక్టరీ వైపు వెళ్లిపోతోంది.

"అయ్యో, ఎక్కడికి తీసుకెళ్తోంది?"

"మీరే కదా మేడమ్, చెవులు బంగారంలా ఉన్నాయన్నారు," అంటారు సన్యాసిరావు గారు.

"మరి మిగతాదంతా?"

"మిగతాదీ విన్నాం మేడమ్. చాలా బాగా చెప్పారు. టీ తాగుతారా?"

ఆయన్నేం అంటాను? అడిగిన నన్నే అనుకోవాలి. పెట్టె అక్కడే పడేసి, గేటు కింద నుంచి దూరి పరుగెత్తుతాను.

గీతిక బడి దాటిందని తెలిసి, ఐదేళ్లుగా గేటు దగ్గర ఆగిపోయిన మాటలన్నీ బడిలోంచి బయటికి వస్తున్నాయి. ఇప్పుడు తొక్కిసలాట లేదు. ఒకదాని వెనక ఒకటి, బుద్ధిగా, వరుసలో నడుస్తున్నాయి. అన్నిటికంటే ముందు నడుస్తున్నది ఆమె పేరు. ఒకటో తరగతి టీచరు మొదటి రోజు హాజరు వేస్తూ పిలిచిన పేరు. కల్వర్టు దగ్గర అది గీతికని అందుకుంటుంది.

గీతిక ఆగి చెయ్యెత్తుతుంది. "ప్రెజెంట్ టీచర్." ఎత్తిన వేళ్లు అప్పుడే నల్లబడి ఉన్నాయి.

తల్లి చెయ్యి లాగుతుంది. తర్వాతి మాట "కూర్చో" చేరుతుంది. గీతిక నడిరోడ్డు మీద కూర్చుంటుంది. తల్లి లేవదీస్తుంది. "పలక తియ్యి" చేరుతుంది. గీతిక ఖాళీ అరచెయ్యి తెరిచి, రాయడానికి సిద్ధంగా పట్టుకుంటుంది.

"గీతికా, ఆగమ్మా!" అని గొంతు చించుకుని అరుస్తాను. నా అరుపు నోట్లోంచి దిగి, అటూ ఇటూ చూసి, వెళ్లి ఆ వరుస చివర నిలబడుతుంది.

ముందున్న మాట వెనక్కి తిరిగి, "మీది ఏ తరగతి?" అని అడుగుతుంది.

"ఇవాళ్టిదే," అంటుంది నా అరుపు.

"అయితే కూర్చోండి. చాలా టైముంది," అని అది కాస్త జరిగి, రోడ్డు పక్కన మా ఇద్దరికీ చోటిస్తుంది. మేం కూర్చుంటాం. దూరంగా ఫ్యాక్టరీ రేకుల షెడ్డులోకి గీతిక తల వంచుకుని అడుగు పెడుతోంది. ఆమె రెండు జడలూ పూర్తిగా నెరిసిపోయి ఉన్నాయి. వాటికి కట్టిన ఎర్ర రిబ్బన్లు మాత్రం ఇవాళ పొద్దున కట్టినవే.